ఐఎల్-10 ఎప్పుడొస్తుంది? ఒక మాక్రోఫేజ్ ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

థీసిస్‌లో కొత్త చాప్టర్ మొదలైంది. ప్రశ్న చిన్నదే. మాక్రోఫేజ్ అంటే సూక్ష్మజీవుల్ని మింగే రోగనిరోధక కణం. దానికి బ్యాక్టీరియా జాడ తగిలితే చాలు, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-6 లాంటి సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు ప్రొటీన్లు, కుమ్మరిస్తుంది. వాటివల్లే ఆ చోట రక్తనాళాలు వదులై, ఎర్రబడి, వాచి, ఒంట్లో జ్వరం పుడుతుంది. కొన్ని గంటలు పోయాక అదే కణం ఐఎల్-10ని వదలడం మొదలుపెడుతుంది. దీని పని మొదటివాటి జోరు తగ్గించడం. మంట పెట్టేదీ అదే, ఆర్పే ఏర్పాటు చేసేదీ అదే. ఇంతవరకూ ఎమ్మెస్సీ పిల్లలకీ తెలుసు.

మేం తేల్చుకోవాలనుకుంటున్నది వేళ సంగతి. ఐఎల్-10 ముందే ఉంటే మంట ఎంత తగ్గుతుంది? బ్యాక్టీరియా జాడతో కలిసి వస్తే ఎంత? అంతా అంటుకున్నాక వస్తే అసలు తగ్గుతుందా? తేడా ఉంటే దానికి కణం లోపల కారణమేంటి?

బ్యాక్టీరియా జాడ అంటున్నానుగానీ ప్లేటులో నిజం బ్యాక్టీరియా వెయ్యం. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్, ల్యాబుల్లో అందరూ ఎల్‌పీఎస్ అనేది, అది చాలు. మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు వేస్తే కణాలు గగ్గోలు పెట్టేస్తాయి. అందులో వందో వంతుకి కూడా ఉలిక్కిపడతాయి, ఆ సంగతి ఈ నెలాఖరుకి బాగా తెలిసొచ్చింది.

కణాలు రా 264.7. ఏబెల్సన్ ల్యుకేమియా వైరస్ వల్ల ఎలుకలో పుట్టిన కణితి నుంచి 1978లో తయారైన లైన్ ఇది. మావి పూణేలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి వచ్చాయి. డీఎంఈఎం మీడియం, 10 శాతం సీరం, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఇస్తే ఆపకుండా పెరుగుతాయి. చిక్కల్లా ఫ్లాస్కు నుంచి లేపడంలోనే. ట్రిప్సిన్‌కి లొంగవు, స్క్రేపర్‌తో గీకాలి. గట్టిగా గీకితే చస్తాయి, మెల్లగా గీకితే రావు. మైక్రోస్కోప్‌లో గుండ్రంగా, అంచులు మెరుస్తూ కనిపిస్తే కులాసాగా ఉన్నట్టు. చేతులూ కాళ్ళూ చాచి బల్లపరుపుగా పరుచుకున్నాయంటే మనం ఏమీ వెయ్యకముందే ఏదో వాటిని రెచ్చగొట్టిందని అర్థం. అలాంటి ఫ్లాస్కుతో ప్రయోగం చెయ్యకపోవడమే మేలు.

ఐఎల్-1 బీటా అనే ఇంకో సైటోకైన్‌ని ఈ చాప్టర్‌లో కొలవడం లేదు. దాన్ని కోసి బయటికి పంపడానికి ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రొటీన్ల కూటమి కట్టాలి. అందులో ముఖ్యమైన ఏఎస్‌సీ అనే ప్రొటీన్ రా కణాల్లో తయారవదు. ఈ కణాలతో చేసి, బయటికొచ్చిన ఐఎల్-1 బీటా ఇంత తగ్గింది, అంత తగ్గింది అని గ్రాఫు గీసిన పేపరు కనిపిస్తే నేను రెండోసారి చూస్తాను.

జూన్, చివరి వారం

ఏ ప్రయోగమైనా ముందు గ్రీస్ టెస్ట్‌తో మొదలుపెట్టడం మా ల్యాబ్ ఆనవాయితీ. చవక, పది నిమిషాల్లో కంటికే కనిపిస్తుంది. ఎల్‌పీఎస్ తగిలిన ఎలుక మాక్రోఫేజ్‌లు ఐనాస్ అనే ఎంజైమ్ తయారుచేసుకుని, ఆర్జినైన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ పుట్టిస్తాయి. అది గాలిలో, నీళ్ళలో నిలవదు, నైట్రైట్‌గా మారి మీడియంలో మిగులుతుంది. అందులో సల్ఫనిలమైడ్, ఆ తర్వాత ఎన్ఈడీ కలిపితే గులాబీ రంగు. 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తియ్యడమే.

ప్లేటులో ఎడమ చివర సోడియం నైట్రైట్ స్టాండర్డ్‌లు, 100 మైక్రోమోలార్ నుంచి సున్నా దాకా, ముదురు గులాబీ నుంచి నీళ్ళ రంగు దాకా మెట్లుమెట్లుగా దిగాయి. ఎల్‌పీఎస్ వేసిన వెల్స్ చక్కగా ఎర్రబడ్డాయి. వాటి పక్కన ఏమీ వెయ్యని కంట్రోల్ వెల్స్ తెల్లగా ఉండాలి కదా, అవీ లేత గులాబీలో ఉన్నాయి. జూనియర్ తొంగిచూసి, "అక్కా, కంట్రోల్‌లోకి ఎల్‌పీఎస్ చిమ్మిందేమో?" అంది. వేరే ప్లేటులో, ఎల్‌పీఎస్ సీసా మూత కూడా తియ్యకుండా, కణాలు మాత్రమే పోసి చూశాం. అదే గులాబీ.

మధ్యలో మారింది ఒక్కటే, సీరం. ఆ నెలే కొత్త బ్యాచ్ సీసా తెరిచాం. దీన్ని తేల్చడానికి పాలీమిక్సిన్ బి ఉంది. ఇది ఎల్‌పీఎస్‌లోని లిపిడ్ ఎ భాగానికి అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. కంట్రోల్ వెల్స్‌లో సగానికి పాలీమిక్సిన్ కలిపి ఒక రోజు ఉంచాం. కలిపిన సగం తెల్లబడింది, కలపని సగం గులాబీగానే ఉంది. ఎల్‌పీఎస్ సీరంతోపాటే వచ్చిందన్నమాట.

సీరాన్ని 56 డిగ్రీల్లో అరగంట ఉంచాం కదా, అప్పుడే పోవాలి కదా అని జూనియర్ సందేహం. కాంప్లిమెంట్ ప్రొటీన్లకి అది సరిపోతుంది, ఎల్‌పీఎస్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆటోక్లేవ్ చేసినా బ్యాక్టీరియా చస్తుందిగానీ దాని ఎల్‌పీఎస్ అలాగే మిగులుతుంది. గాజు సామాను నుంచి పూర్తిగా పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంటైనా కాల్చాలి. స్టెరైల్ అన్న ముద్ర చూసి ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్‌కే ఇంకో పేరు) లేదనుకోకూడదు, రెండూ వేరు. సరఫరా చేసినవాళ్ళతో మెయిళ్ళ పురాణం ఇక్కడ రాయను. ఎండోటాక్సిన్ తక్కువని రాతపూర్వకంగా ఇచ్చే రకం సీరం తెప్పించాం. ధర చూసి మా గైడ్ మేడమ్ ఒక నిట్టూర్పు విడిచి సంతకం పెట్టారు.

మేం కొన్న ఐఎల్-10 కూడా ఈ.కోలైలో తయారైందే. కాబట్టి ఇకనుంచి ప్రతి ప్లేటులోనూ ఐఎల్-10 మాత్రమే వేసిన వెల్స్ విడిగా ఉంటాయి.

జూలై, రెండో వారం

వెస్టర్న్ బ్లాట్‌ల వారం. కణాల్లో ఒక ప్రొటీన్ ఎంతుందో గీతల ముదురులో చూపే పరీక్ష ఇది.

మాక్రోఫేజ్‌కి ఎల్‌పీఎస్ ఎలా తెలుస్తుందన్నది చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. సీ3హెచ్/హెచ్ఈజే అనే ఎలుకల జాతి ఉంది, వాటికి ఎంత ఎల్‌పీఎస్ ఎక్కించినా చలించవు. బ్రూస్ బాయిట్లర్ బృందం ఆ ఎలుకల డీఎన్ఏని వెతుక్కుంటూ పోయి 1998లో టీఎల్ఆర్4 దగ్గర ఆగింది. ఆ రిసెప్టర్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి ఉంది. అంతకు రెండేళ్ళ ముందే జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగల్లో టోల్ అనే దాని చుట్టపు ప్రొటీన్ ఫంగస్ నుంచి కాపాడుతుందని చూపించింది. ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది, డెండ్రిటిక్ కణాల రాల్ఫ్ స్టైన్‌మన్‌తో పంచుకున్నారు.

టీఎల్ఆర్4 నుంచి కబురు లోపలికి వెళ్ళి చేరేది ఎన్ఎఫ్ కప్పా బి దగ్గరికి. దీన్ని 1986లో పట్టుకున్నది రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్. వాళ్ళు చూసింది బి కణాల్లో యాంటీబాడీ జీన్‌ని. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఈ మంట, మొత్తానికి ఇదే ముఖ్యమైన మీట అని తర్వాత తెలిసింది. మామూలు వేళ ఇది సైటోప్లాజంలో ఐకప్పాబి ఆల్ఫా అనే ప్రొటీన్ చేతిలో బందీ. ఎల్‌పీఎస్ తగలగానే ఐకేకే అనే కైనేజ్ ఐకప్పాబికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, కణంలో ప్రొటీన్లని ముక్కలుచేసే ప్రోటియాసోమ్ దాన్ని నమిలేస్తుంది, విడుదలైన ఎన్ఎఫ్ కప్పా బి న్యూక్లియస్‌లోకి పోయి టీఎన్ఎఫ్, ఐఎల్-6 జీన్లని లేపుతుంది.

ఆ నమిలేయడాన్ని బ్లాట్‌లో చూడాలి. ఎల్‌పీఎస్ వేసి 0, 5, 15, 30, 60, 120 నిమిషాలకి కణాల్ని లైస్ చేశాం, అంటే పగలగొట్టి లోపలి ప్రొటీన్లు తీశాం. చేతులు వేగంగా ఆడాలి, ప్లేటు మంచు మీదే ఉండాలి, బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు అప్పటికప్పుడు కలపాలి. అన్ని గీతల్లో సమానంగా పోశామని చూపే లోడింగ్ కంట్రోల్‌గా అందరూ వాడే యాక్టిన్‌ని పక్కన పెట్టి ట్యూబ్యులిన్ పెట్టాం. ఐకప్పాబి ఆల్ఫా, యాక్టిన్ రెండూ 40 కిలోడాల్టన్ల అటూఇటూ వచ్చి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. ట్యూబ్యులిన్ 50 పైన ఉంటుంది, గొడవ లేదు.

ఫిల్మ్ మీద మొదటి రెండు గీతలు ఒకేలా నల్లగా ఉన్నాయి. 15 దగ్గర సన్నబడింది. 30 దగ్గర ఉందా లేదా అని దీపం కింద వంచి చూడాల్సి వచ్చింది. 60 దగ్గర మళ్ళీ వచ్చేసింది, 120కి మొదట్లో ఉన్నంత నల్లగా ఉంది. కింద ట్యూబ్యులిన్ గీతలు ఆరూ సమానం.

నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇష్టమైన బొమ్మ ఇదే. ఎన్ఎఫ్ కప్పా బి న్యూక్లియస్‌లోకి వెళ్ళి లేపే జీన్లలో ఐకప్పాబి ఆల్ఫా జీన్ కూడా ఒకటి. బయటపడీపడగానే తనని బంధించేవాడిని తనే తయారుచేయిస్తోంది. దానితోపాటు ఏ20 అనే ఇంకో ప్రొటీన్‌ని కూడా పుట్టిస్తుంది, అది పైనుంచి వచ్చే కబురునే కత్తిరిస్తుంది. ఏ20 లేని ఎలుకలు ఒళ్ళంతా ఇన్‌ఫ్లమేషన్‌తో చిన్న వయసులోనే చనిపోతాయి. ఐఎల్-10 సంగతి ఎత్తకముందే, మొదటి గంటలోనే బ్రేకులు పడటం మొదలైందన్నమాట. ఐఎల్-10 చేసేదాన్ని వీటి నుంచి విడదీసి చూడగలగాలి. మేడమ్‌కి ఈ బ్లాట్ పంపితే, "బాగుంది. సమస్య ఇప్పుడు మొదలైంది" అని జవాబు.

జూలై, చివరి వారం

ఎలైజాలు. మీడియంలో ఒక ప్రొటీన్ ఎంతుందో రంగుతో కొలిచే పరీక్ష. ప్లేటు అడుగున పట్టుకునే యాంటీబాడీ, పైన నమూనా, దానిమీద బయోటిన్ అంటించిన రెండో యాంటీబాడీ, ఆపైన స్ట్రెప్టావిడిన్ హెచ్ఆర్‌పీ. చివర్లో టీఎంబీ పోస్తే నీలం, ఆమ్లం పోసి ఆపితే పసుపు, 450 దగ్గర రీడింగ్. ఇందులో తెలివితేటలకన్నా కడగడం ముఖ్యం. ప్రతి మెట్టు తర్వాత కడిగి, ప్లేటుని బోర్లించి టిష్యూ మీద టపటపా కొట్టడం. పక్క గదిలోవాళ్ళకి మేం ఎలైజా చేస్తున్నామని ఆ చప్పుడుతోనే తెలుస్తుంది.

టీఎన్ఎఫ్ రెండో గంటకే కనిపించింది, ఆరో గంటకి శిఖరం. స్టాండర్డ్ పరిధి దాటిపోతోంది కాబట్టి నమూనాల్ని పలచన చేసి పొయ్యాల్సి వచ్చింది. ఐఎల్-6 కొంచెం వెనకగా లేచి ఇరవై నాలుగు గంటల దాకా పెరుగుతూనే ఉంది. ఐఎల్-10 పన్నెండో గంట దాటాకగానీ సరిగ్గా కొలతకి అందలేదు, అదీ కొంచెమే. రా కణాలు ఐఎల్-10 విషయంలో పిసినారులు. అసలైన మాక్రోఫేజ్‌లతో చూడాలంటే ఎముక మజ్జ నుంచి తీసి పెంచుకోవాలి, జంతు నైతిక కమిటీ అనుమతి కోసం ఫైలు కదిలించాం.

ఆగస్టు, రెండో వారం

అసలు ప్రయోగం. మిల్లీలీటరుకి 10 నానోగ్రాముల ఐఎల్-10ని మూడు వేళల్లో వేశాం: ఎల్‌పీఎస్‌కి గంట ముందు, ఎల్‌పీఎస్‌తోపాటు, ఎల్‌పీఎస్ వేసిన నాలుగు గంటలకి. ఎనిమిదో గంటకి పైమీడియం తీసి టీఎన్ఎఫ్ కొలిచాం.

ముందు వేస్తే టీఎన్ఎఫ్ సగానికన్నా బాగా కిందికి పడింది. కలిపి వేస్తే తగ్గింది, అంత కాదు. నాలుగు గంటలకి వేసినవాటికీ, ఎల్‌పీఎస్ ఒక్కటే వేసినవాటికీ తేడా లేదు. గ్రాఫు గీస్తే మెట్లుమెట్లుగా అందంగా వచ్చింది. ఆలస్యంగా వస్తే ఐఎల్-10 పనిచెయ్యదు అని కింద రాసుకుని మీటింగ్‌కి తీసుకెళ్ళాను.

మేడమ్ గ్రాఫు చూసి అడిగింది ఒక్కటే. "ప్లేటులో నువ్వు కొలిచిన టీఎన్ఎఫ్ ఇప్పటిదా, పొద్దుటిదా?"

నిజమే. మీడియంలోకి వచ్చిన టీఎన్ఎఫ్ అక్కడే పోగుపడుతుంది. నాలుగో గంటకే చాలావరకు బయటికొచ్చేసి ఉంటే, ఆ తర్వాత కణం పూర్తిగా నోరు మూసుకున్నా ఎలైజాకి కనపడదు. మనం చూడాల్సింది ఇప్పటిదాకా ఎంత పోగైందని కాదు, ఈ రెండు గంటల్లో కొత్తగా ఎంత వచ్చిందని.

అందుకని పద్ధతి మార్చాం. కొలవబోయే కిటికీకి ముందు మీడియం తీసేసి, వెచ్చటి కొత్త మీడియంలో అదే ఎల్‌పీఎస్, అవసరమైన వెల్స్‌లో ఐఎల్-10 వేసి, సరిగ్గా రెండు గంటల తర్వాత తీశాం. మీడియం మార్చడమే కణాల్ని కొంత కదిలిస్తుంది కాబట్టి కంట్రోల్స్‌కి కూడా అదే మార్పిడి. ఇలా చూస్తే కథ తిరగబడింది. నాలుగో గంటకి వేసిన ఐఎల్-10 కూడా ఆ తర్వాతి కిటికీలో కొత్త టీఎన్ఎఫ్‌ని తగ్గించింది. వేసిన వెంటనే వచ్చే కిటికీలో కొంచెమే, దాని తర్వాతి దాంట్లో స్పష్టంగా. అంటే ఆలస్యంగా వచ్చినా ఐఎల్-10 పనిచేస్తుంది, కాకపోతే అది అందుకోవడానికే కొంత సమయం తీసుకుంటుంది. కణం కొత్త ప్రొటీన్లు తయారుచేసుకుంటేనే ఐఎల్-10 మాట చెల్లుతుందని ముందే తెలిసిన విషయమే, మా కిటికీలు దానికి సరిపోయాయి.

ఆ తగ్గింపులో ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జీన్ నుంచి తీసే నకలు) పాత్ర ఎంత అన్నది పక్కప్రశ్న. టీఎన్ఎఫ్ ఎంఆర్ఎన్ఏ తోకలో ఏ, యూ అక్షరాలు ఎక్కువగా ఉండే ముక్క ఒకటుంటుంది. టీటీపీ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని ఎంఆర్ఎన్ఏని త్వరగా చెడగొడుతుంది. ఎల్‌పీఎస్ వేడిమీద ఉన్నప్పుడు పీ38 కైనేజ్ టీటీపీ చేతులు కట్టేస్తుంది, అందుకే అప్పుడు టీఎన్ఎఫ్ అంతలా పొంగుతుంది. 1999లో ఎలుకల్లో ఆ ముక్కని తీసేసి చూస్తే, వాటికి కీళ్ళవాపు, పేగువాపు రెండూ వచ్చాయి. టీఎన్ఎఫ్ ప్రొటీన్‌లో ఏ మార్పూ లేదు, ఎంతసేపు తయారవ్వాలన్న అదుపు తప్పిందంతే. మా కిటికీల నుంచి ఆర్ఎన్ఏ తీసి మైనస్ 80లో పెట్టాను. ఎంఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్ మెషీన్ ఖాళీ దొరకాలి.

ఆగస్టు, చివరి వారం

పనిచేస్తుందని ముందే తెలిసిన పాజిటివ్ కంట్రోల్‌గా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పెట్టాం. మాట తప్పకుండా టీఎన్ఎఫ్‌ని అణిచింది, అందులో వింత లేదు.

డెక్సా అనగానే ల్యాబ్‌లో కోవిడ్ మాటలొస్తాయి. మనవాళ్ళందరికీ సైటోకైన్ అన్న మాట ఆ రోజుల్లోనే ఇంట్లోకి వచ్చింది. ఐఎల్-6 రిసెప్టర్‌ని అడ్డుకునే టోసిలిజుమాబ్ కోసం 2021లో జనం ఊళ్ళు తిరిగారు, అడిగినంత ధర పెట్టారు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో 2020లో తేలింది వేరే: రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సా, పది రోజులకి మించకుండా ఇస్తే, వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం పడనివాళ్ళకి ఏ లాభమూ కనిపించలేదు. మందు ఒకటే, మోతాదు ఒకటే, ఇచ్చిన వేళ వేరు. మొదటి రోజుల్లో వైరస్‌ని ఎదుర్కోవడానికి ఆ మంట కావాలి. రెండో వేవ్‌లో జ్వరం రాగానే స్టెరాయిడ్లు మింగినవాళ్ళు, అందులోనూ షుగర్ అదుపులో లేనివాళ్ళు బ్లాక్ ఫంగస్ పాలవడం మన ఆసుపత్రులు చూశాయి.

టీఎన్ఎఫ్‌ది కూడా ఇదే తంతు. కీళ్ళవాతానికి టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు ఎందరికో నడక తిరిగిచ్చాయి. కానీ ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న టీబీ బ్యాక్టీరియా చుట్టూ మాక్రోఫేజ్‌లు కట్టిన గోడ, గ్రాన్యులోమా, నిలబడాలంటే అదే టీఎన్ఎఫ్ ఉండాలి. దాన్ని ఆపితే కొందరిలో టీబీ లేచి కూర్చుంటుంది. అందుకే ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష చేయించమంటారు. మన దేశంలో ఇది మొక్కుబడి పరీక్ష కాదు.

ఇంటికెళ్తే మాత్రం ఒకటే ప్రశ్న. "పసుపు వేసి చూశావా?" పెద్దమ్మ అడుగుతుంది, జూనియర్లూ అడుగుతారు. పసుపులోని కర్క్యుమిన్ రా కణాల్లో టీఎన్ఎఫ్‌ని తగ్గిస్తుందని చెప్పే పేపర్లు కుప్పలున్నాయి. నా అనుమానాలు నాకున్నాయి. అది కంటికి కనిపించిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటుంది, తనే వెలుగుతూ పరీక్షల్ని తికమక పెడుతుంది, మీడియంలో నిలవకుండా విరిగిపోతుంది, తిన్నది రక్తంలోకి చేరేది అత్యల్పం. 2017లో రసాయన శాస్త్రవేత్తలు ఇవన్నీ ఒకచోట పెట్టి గట్టిగానే చెప్పారు. వేపాకు, తిప్పతీగ లాంటి రసాలతో ఇంకో బెడద, ఆకుతోపాటు దానిమీది బ్యాక్టీరియా ఎల్‌పీఎస్ కూడా వస్తుంది. పాలీమిక్సిన్ కంట్రోల్ లేకుండా ఆ రసం రోగనిరోధక శక్తిని పెంచిందని రాస్తే, పెంచింది ఆకో, ఎల్‌పీఎస్సో ఎవరు చెప్పాలి? పెద్దమ్మకి ఇదంతా చెప్పను. పప్పులో పసుపు వేసుకుని తింటాను.

సెప్టెంబర్

అనుమతి వచ్చింది, ఎముక మజ్జ కణాలు వచ్చాయి. ఎలుక తొడ ఎముక, పిక్క ఎముక చివర్లు కత్తిరించి, సన్నటి సూదితో మీడియం చిమ్మితే మజ్జ ఎర్రటి దారంలా బయటికొస్తుంది. ఎముక తెల్లగా, దాదాపు గాజులా కనిపించేదాకా చిమ్మాలి. ఆ కణాల్ని ఎల్929 కణాలు పెరిగిన మీడియం కలిపి వారంపాటు పెంచితే, అందులోని ఎం-సీఎస్ఎఫ్ అనే ప్రొటీన్ వాటిని మాక్రోఫేజ్‌లుగా మారుస్తుంది. రా కణాల్లా ఇవి పెరుగుతూ పోవు. లెక్క చూసుకుని వాడాలి. కానీ ఎల్‌పీఎస్ వేస్తే ఐఎల్-10 ధారాళంగా ఇచ్చాయి, అదీ రా కణాలకన్నా ముందుగా.

ఇప్పుడు నన్ను ఈ చాప్టర్‌కి కట్టిపడేసిన చిక్కుముడి. ఐఎల్-10 తన రిసెప్టర్‌ని తట్టగానే జాక్1, టిక్2 కైనేజ్‌లు మేలుకుని స్టాట్3 అనే ప్రొటీన్‌లో 705వ స్థానంలోని టైరోసిన్‌కి ఫాస్ఫేట్ పెడతాయి. స్టాట్3 న్యూక్లియస్‌లోకి పోయి మంట తగ్గించే జీన్లని లేపుతుంది. బాగుంది. మరి ఐఎల్-6? అదీ స్టాట్3నే లేపుతుంది, అదే టైరోసిన్, అదే ఫాస్ఫేట్. ఒకటేమో మంటని ఆర్పుతుంది, ఇంకోటి అలా ఆర్పదు. లోపలికి వెళ్ళే దూత ఒకడే అయినప్పుడు కబురు ఎలా మారింది?

2003లో మూడు బృందాలు దీని గుట్టు విప్పాయి. స్టాట్3 లేపే జీన్లలో సాక్స్3 ఒకటి. సాక్స్3 ప్రొటీన్ వెళ్ళి ఐఎల్-6 రిసెప్టర్‌లోని జీపీ130 భాగానికి అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఐఎల్-10 రిసెప్టర్‌కి అతుక్కునే చోటు దానికి లేదు. కాబట్టి ఐఎల్-6 ఇచ్చిన స్టాట్3 సిగ్నల్ కాసేపట్లో చల్లారుతుంది, ఐఎల్-10 ఇచ్చింది నిలబడుతుంది. సాక్స్3 లేని మాక్రోఫేజ్‌లలో ఐఎల్-6కి కూడా స్టాట్3 అలాగే నిలబడిపోయింది, ఆ ఐఎల్-6 అచ్చం ఐఎల్-10లా మంట తగ్గించడం మొదలుపెట్టింది.

మాకు మా చేతులతో చూడాలని ఉంది. మజ్జ మాక్రోఫేజ్‌లకి ఒక ప్లేటులో ఐఎల్-6, ఇంకో ప్లేటులో ఐఎల్-10 వేసి, పావుగంట నుంచి నాలుగు గంటల దాకా నమూనాలు తీసి ఫాస్ఫో స్టాట్3 బ్లాట్ చేశాం. పొర బ్లాకింగ్‌కి పాలపొడి వాడలేదు. పాలలోని కేసిన్ తనే ఫాస్ఫో ప్రొటీన్ కాబట్టి బీఎస్ఏ వాడాం. ఫాస్ఫో యాంటీబాడీ తర్వాత అదే పొర మీద మొత్తం స్టాట్3.

రెండు ప్లేట్లలోనూ పావుగంటకే గట్టి బ్యాండ్. అక్కడ ఆపేస్తే రెండూ ఒకటే అనిపించేది. గంటకి ఐఎల్-6 వైపు పలచబడింది, రెండు గంటలకి నీడలా మిగిలింది, నాలుగు గంటలకి ఏమీ లేదు. ఐఎల్-10 వైపు కొంచెం తగ్గినా నాలుగో గంటకీ చెక్కుచెదరని బ్యాండ్ ఉంది. మొత్తం స్టాట్3 రెండువైపులా సమానం. సాక్స్3 యాంటీబాడీతో అవే లైసేట్లు నడిపితే రెండు ప్లేట్లలోనూ గంటకల్లా సాక్స్3 పైకి లేచింది. సాక్స్3 ఇద్దరికీ వచ్చింది, ఆగింది ఐఎల్-6 ఒక్కటే.

జూనియర్ ఫిల్మ్‌ని కిటికీకి ఎత్తి పట్టుకుని, "అక్కా, పావుగంట దగ్గర మాత్రమే చూసేవాళ్ళు ఎంతమందో కదా" అంది. చాలామందే. ఫాస్ఫో బ్లాట్ అంటే పదిహేను నిమిషాలు, ముప్ఫై నిమిషాలు అని చేతికి అలవాటైపోయింది.

అక్టోబర్, మొదటి వారం

బయటి నుంచి పోసిన ఐఎల్-10 కాదు, కణం తనంతట తను చేసుకున్నది ఎంత పనిచేస్తోందో చూడటం మిగిలింది. ఐఎల్-10 రిసెప్టర్‌ని మూసే యాంటీబాడీ వేసి, పక్కన అదే రకం ఉత్త యాంటీబాడీ కంట్రోల్‌గా వేసి, ఎల్‌పీఎస్ ఇచ్చాం. రెండు గంటల కిటికీలే. మొదటి రెండు కిటికీల్లో తేడా లేదు. ఆ తర్వాత నుంచి, మూసినవాటిలో టీఎన్ఎఫ్ దిగాల్సినంత దిగలేదు. ఐఎల్-6 ఇంకా పైకి పోయింది. ఐఎల్-10 బయటికొచ్చే వేళకీ, ఈ రెండు గీతలు విడిపోయే వేళకీ పొంతన కుదిరింది.

మనుషుల్లో ఈ ప్రయోగాన్ని ప్రకృతే చేసింది. ఐఎల్-10 లేని ఎలుకలకి పెద్దపేగు వాపు వస్తుందని 1993 నుంచే తెలుసు. 2009లో, పుట్టిన కొన్ని నెలలకే తీవ్రమైన పేగువాపు వచ్చిన పిల్లల్లో ఐఎల్-10 రిసెప్టర్ జీన్లే పాడై ఉన్నాయని బయటపడింది. వాళ్ళలో ఒక బిడ్డకి ఎముక మజ్జ మార్పిడి చేస్తే నయమైంది. అయితే ఐఎల్-10నే మందుగా ఇద్దామని క్రోన్స్ అనే పేగువాపు జబ్బున్న మామూలు రోగులకి ఇంజెక్షన్లు ఇచ్చి చూసిన ట్రయల్స్ చెప్పుకోదగ్గ ఫలితమివ్వలేదు. పేగు గోడ దగ్గర, కావలసిన వేళకి, కావలసినంతసేపు ఉండేలా ఇవ్వడం కుదరలేదేమోనన్నది చాలామంది వాదన. నేనూ ఆ పక్షమే, కానీ ఒక ప్లేటు చూసి రోగుల గురించి తీర్పు చెప్పేంత ధైర్యం నాకు లేదు.

ఇక మిగిలింది సాక్స్3ని తగ్గించి చూడటం. మజ్జ మాక్రోఫేజ్‌లలోకి ఎస్ఐఆర్ఎన్ఏ, అంటే ఒక జీన్‌ని అణిచే చిన్న ఆర్ఎన్ఏ ముక్క, ఎక్కించడం తలనొప్పి వ్యవహారం. బయటి ఆర్ఎన్ఏ కనిపించగానే వాటికి వైరస్ వచ్చినట్టే, ఇంటర్‌ఫెరాన్ తియ్యడం మొదలుపెడతాయి. మనం కొలవాలనుకున్న మంటని మనమే పెట్టినట్టవుతుంది. అందుకని ఏ జీన్‌నీ తాకని ఎస్ఐఆర్ఎన్ఏ వేసిన కంట్రోల్, లైపోసోమ్ మాత్రమే వేసిన కంట్రోల్, ఏమీ వెయ్యని కంట్రోల్, మూడూ పెట్టి, ముందు వాటిలోనే టీఎన్ఎఫ్ చూస్తాం. అవి మూడూ దగ్గరగా వస్తేనే సాక్స్3 ప్లేటు. ఎలెక్ట్రోపొరేషన్ మెషీన్ కింది అంతస్తు ల్యాబ్‌లో ఉంది, గురువారాలు ఇస్తామన్నారు.

ఈలోగా క్యూపీసీఆర్‌కి స్లాట్ దొరికింది. మైనస్ 80లోని ఆర్ఎన్ఏ తీసి, టీఎన్ఎఫ్, ఐఎల్-10, సాక్స్3, టీటీపీ, నాలుగింటికీ ప్రైమర్లు సరిచూడాలి. సోమవారం మెల్ట్ కర్వ్‌లతో మొదలు.